కళ్ళంలో కారవాన్

పెళ్ళయిన పన్నెండో రోజు మధ్యాహ్నం, నరసరావుపేట దాటాక, అమూల్య పరిగెడుతున్న వంటింట్లో నిలబడి టీ కాచింది. సగం గ్లాసుల్లో పడింది, సగం చీర కుచ్చిళ్ళ మీద పడింది. అయినా ఆమెకు నవ్వే వచ్చింది.

"రాఘవా, మనింట్లో స్పీడ్ బ్రేకర్ వచ్చింది!"

"మీ ఇంటాయన చూసుకోలేదు, తప్పయిపోయింది," అన్నాడు రాఘవ స్టీరింగు దగ్గర్నుంచి.

సత్తెనపల్లిలో అత్తమామల ముందు 'ఏవండీ, మీరు' అనడం, బండి ఊరు దాటగానే 'రాఘవా, నువ్వు' అనడం ఆమెకు ఈమధ్య దొరికిన సరదాల్లో ఒకటి. ఈ కారవాన్ ఇంకొకటి. గుంటూరులో అయిదు రోజులకు అద్దెకు తీసుకున్నారు. తెల్లటి పొడుగాటి వ్యాను. లోపల అరచేయంత సింకు, మడిస్తే గోడలోకి పోయే బల్ల, ఇద్దరు సర్దుకుంటే సరిపోయే మంచం, మూలన తలుపేసుకుని నిలబడి స్నానం చేసే గది. గిన్నెలు కదలకుండా అలమరాలకు చిన్న చిన్న గొళ్ళేలు. ఆ గొళ్ళేల్ని అమూల్య పొద్దుట్నుంచీ పనిలేకపోయినా తీసి వేస్తూనే ఉంది.

"ఇంట్లో మంచం లేదా, రోడ్డు మీద పడుకోడానికి?" అంది అత్తగారు దుర్గాంబ, పులిహోర డబ్బా చేతికిస్తూ. మామగారు లక్ష్మీనరసింహం గారు మాత్రం బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, అన్నీ సమంగా నలిగాయని తృప్తిపడ్డారు.

కంభం చెరువు చూడాలి. అక్కణ్ణుంచి గండికోట పోయి, పెన్నా నది ఎర్రరాళ్ళను రెండుగా కోసిన లోయ చూడాలి. వచ్చేటప్పుడు భైరవకోన. అందరూ ఊటీ వెళ్తారు, మనం ఎండ మండే చోట్లు చూద్దాం అన్నది అమూల్యే. డిగ్రీలో భూగోళం చదివినప్పట్నుంచి ఆమెకు రాతి లోయలంటే పిచ్చి.

వినుకొండలో పెట్రోలు బంకు దగ్గర జనం మూగారు. "ఎవురు లోపల? హీరోయినా? షూటింగ్ యాడంట?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. అమూల్య ఊరుకోలేకపోయింది. కర్టెను జానెడు పక్కకు జరిపి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వేళ్ళ కొసలు మాత్రం ఆడిస్తూ చెయ్యి ఊపింది. బయట ఎవరో ఈల వేశారు. ఆమె మంచం మీద పడి కడుపు నొప్పెట్టేదాకా నవ్వింది.

పొద్దు వాలుతుండగా రోడ్డుకు ఎడమపక్క ఆ ఎరుపు కనపడింది.

"ఆపు, ఆపు, ఆపు!"

ఎకరం, ఎకరంన్నర ఉంటుంది. నేలంతా మిరపకాయలు. మడులు మడులుగా పరిచి, మధ్యలో మనిషి నడవడానికి సన్నటి దారులు వదిలారు. వాలు ఎండ పడి ఆ ఎరుపు భూమిలోంచి వస్తున్నట్టుంది. ఘాటు బండిలోకి రాకముందే గొంతులోకి వచ్చింది. రాఘవ దగ్గుతూనే బండిని మట్టిదారిలోకి దించి, కళ్ళం అంచున ఆపాడు.

"ఎవురయ్యా అదీ! బండి తియ్యండి! కళ్ళంలోకి రాకూడదు!"

ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషి ఒకామె కర్ర ఊతంతో వస్తోంది. యాభై దాటి ఉంటాయి. కుడికాలు మడవకుండా, పక్కనుంచి తిప్పి వేస్తూ నడుస్తోంది. అమూల్య కిందికి దూకింది.

"ఒక్క ఫోటో అమ్మా. ఒక్కటే. మాకు కొత్తగా పెళ్ళయింది."

ఆమె అమూల్య మెడలో ఇంకా పచ్చగా ఉన్న పసుపుతాడు వంక చూసింది. తువ్వాలు కిందికి లాగి, నోరు కనపడేలా నవ్వింది. "తీసుకో. కాయ తొక్కబాక."

ఒక్క ఫోటో కాస్తా ముప్పయి అయింది. ఆమె పేరు ప్రేమమ్మ. ఈ కళ్ళానికి కాపలా. పక్క ఊరే. భర్త జక్రయ్య సీజను నాలుగు నెలలూ గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడట. ఈమె ఇక్కడ, ఆ మూలనున్న తాటాకు పాకలో ఉంటుంది. "వొంగి కాయ కొయ్యలేనమ్మా ఇంక. మోకాలు పోయింది. మా రైతు బసవమ్మగారు ఈ కాపలా ఇప్పించింది, కూచోని చేసే పని."

రాఘవ చుట్టూ చూశాడు. "ఈ రాత్రికి ఇక్కడే ఉంటే ఎంత బాగుంటుంది!"

"వొద్దు బాబూ." ప్రేమమ్మ నవ్వు ఆగిపోయింది. "ఇది అయిదుగురు రైతుల కళ్ళం. పోయినేడు యానులో వచ్చి బస్తాలు ఎత్తుకుపోయారు. పొద్దుగూకినాక ఏ బండీ లోపలుండకూడదని అయిదుగురూ మాటనుకున్నారు. ఉండనిస్తే కాపలా మనిషిని మారుస్తారు."

"మేం దొంగల్లా ఉన్నామా అమ్మా?" అంది అమూల్య గారాలు పోతూ. "రోడ్డు పక్కనంటే లారీలు. నాకు భయం. తెల్లారకముందే వెళ్ళిపోతాం, ప్రామిస్."

ప్రేమమ్మ రోడ్డు వంక చూసింది. "నా పిల్లని కూడా మొన్నీమధ్యే చీరాల ఇచ్చాం. రెబెకా. అది కూడా ఇట్టాగే, అన్నిటికీ భయం, అన్నిటికీ నవ్వు." కర్ర చేయి మార్చుకుంది. "కూలోళ్ళ ట్రాక్టరు రాకముందే ఎల్లిపోవాల మరి."

మంచుకు కాయ తడవకుండా మడుల మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలి. అమూల్య తనూ ఒక కొస పట్టుకుంది. పట్టా గాలికి ఎగిరి ఆమె తల మీద పడింది. ఆమె తుమ్ముతూ, నవ్వుతూ, కొసల మీద రాళ్ళు పెట్టుకుంటూ వెళ్ళింది. ప్రతి రాయినీ ప్రేమమ్మ వెనకే వచ్చి సరిచేసింది.

పని అయ్యాక ప్రేమమ్మ బండి మెట్టు దగ్గర నిలబడింది. "లోన చూడొచ్చా అమ్మా?"

"రండి, రండి!" అంది అమూల్య. కానీ ఆ మాట అంటూనే ఆమె కళ్ళు ప్రేమమ్మ పాదాల మీదకూ, అక్కణ్ణుంచి లోపలి తెల్లటి పరుపు మీదకూ వెళ్ళొచ్చాయి. ఒక్క క్షణం. ప్రేమమ్మ ఎత్తిన కాలు మళ్ళీ కింద పెట్టింది. మెట్టు మీద చేతులాన్చి, మెడ సాచి, లోపలంతా చూసింది. "బాగుంది తల్లీ. మా చర్చి మాదిరి సర్దుకున్నావు," అని పాక వైపు వెళ్ళిపోయింది.

*

తెల్లవారుతుండగా సింకు పక్కన చిన్న ఎర్రలైటు వెలుగుతోంది. అమూల్య అప్పుడే తలస్నానం ముగించి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంది. స్నానం నీళ్ళూ, గిన్నెలు కడిగిన నీళ్ళూ బండి కింద ఒక ట్యాంకులోకి పోతాయి. అది నిండితే లైటు వెలుగుతుందనీ, కాలువో గుంటో చూసి వెనక పక్కనున్న కుళాయి చిలక తిప్పి వదిలెయ్యాలనీ అద్దెకిచ్చినతను రెండుసార్లు చెప్పాడు. రాఘవ నిద్రపోతున్నాడు. లేచేసరికి అంతా అయిపోయి, టీ కూడా సిద్ధంగా ఉంటే ఎంత ఆశ్చర్యపోతాడో! ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా దిగింది.

చిలక బిగుసుకుని ఉంది. రెండు చేతులతో తిప్పింది. నీళ్ళు బుస్సుమని వచ్చాయి. ఎండిన నేల వాటిని గుటకలు వేసినట్టు తాగింది. మట్టి వాసన వచ్చింది. ఎంత దాహమో అనుకుంది. ప్రేమమ్మ పాక తలుపు దగ్గరగా వేసి ఉంది. పాల కోసం వెళ్తానని రాత్రే చెప్పింది. అమూల్య పైకెక్కి స్టవ్ వెలిగించింది. ఏలకులు దంచడానికి ఏమీ లేక గరిట వెనకతో నూరింది. అలా నూరడం కూడా ఆమెకు ముద్దుగానే అనిపించింది.

టీ గ్లాసు పట్టుకుని దిగేసరికి నేల తాగడం మానేసింది. నీళ్ళు నాలుకలా సాగి, బండి కిందనుంచి పల్లానికి జారి, చివరి మడి మీది పట్టా కిందికి దూరుతున్నాయి.

ఆమె గ్లాసు నేల మీద పెట్టి చిలక బిగించింది. రాయి తీసి పట్టా కొస పైకెత్తింది. పైకాయలు పొడిగా గలగలలాడుతున్నాయి. వాటి కింద చెయ్యి పెట్టింది. మెత్తగా తగిలింది. పిడికెడు తీసి చూస్తే నల్లబడిన ఎరుపు, తొడిమల దగ్గర తెల్లటి నురగ. తన షాంపూ వాసన.

"రాఘవా! ఒకసారి రా."

అతను కళ్ళు నులుముకుంటూ వచ్చి చూశాడు. అతని ముఖం మారింది. మళ్ళీ మామూలైంది. "ఎంత మేర తడిసింది, ఒక చాప మేర ఉంటుందా? రెండు గంటల ఎండ పడితే ఆరిపోతుందిలే."

"ఆరిపోతుందా?"

"ఎండబెట్టడానికే కదా పోశారు."

ఆ మాట ఎంత సుఖంగా ఉందంటే, అమూల్య దాన్ని వెంటనే పట్టుకుంది. పట్టా వదిలేసింది. రాయి పెట్టింది. అంతలో ప్రేమమ్మ గట్టు మీదనుంచి వస్తోంది, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో స్టీలు చెంబు.

"మీ కోసమే తల్లీ. గేదె పాలు. ఇంకా వెచ్చగుండాయి."

అమూల్య చెంబు అందుకుంది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. నోరు కూడా తెరిచింది. "చాలా థాంక్స్ అమ్మా," అంది.

"ఎల్లండిక. ట్రాక్టరు బయల్దేరే యేళయింది." ప్రేమమ్మ కర్ర ఎత్తి దారి చూపించింది.

రోడ్డెక్కాక వంద గజాలు పోయారో లేదో ఎదురుగా కూలీలతో ట్రాక్టరు వచ్చింది. దాని వెనకే మోపెడ్ మీద, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న ఒక ముసలామె. రాఘవ పక్కకు తీసి ఆపాడు. ట్రాక్టరు కళ్ళంలోకి దిగింది. ఆడవాళ్ళు దిగి పట్టాలు లాగడం మొదలుపెట్టారు. చివరి పట్టా దగ్గర ఒకామె వంగి, లేచి, చెయ్యి ఊపి పిలిచింది.

అమూల్య వెనక అద్దం దగ్గరే ఉంది. చొక్కా తొడుక్కున్నామె వచ్చి మడిలో చెయ్యి పెట్టడం, పిడికెడు కాయలు ముక్కు దగ్గర పెట్టుకోవడం, కిందికి విసిరికొట్టడం కనపడింది. "కాపలా అంటే పడుకోడమా ప్రేమమ్మా!" అన్న కేక రోడ్డు దాకా వచ్చింది. తరవాతి మాటలు ట్రాక్టరు ఇంజను మింగేసింది. ప్రేమమ్మ పాకలోకి కుంటుతూ పరిగెత్తి, ఖాళీ బిందె ఒకటి తెచ్చి, దాన్ని వంచి చూపిస్తోంది. తల మాత్రం ఎత్తడం లేదు.

"దిగుదామా?" అన్నాడు రాఘవ. అడిగాడే గాని ఇంజను ఆపలేదు.

అమూల్య ఒళ్ళో పాలచెంబు ఉంది. "పద," అంది.

*

కంభం చెరువు ఆమె పుస్తకంలో చూసినదానికన్నా పెద్దది. రెండు కొండల మధ్య కట్ట. కట్టకు ఒకవైపు కనుచూపు మేర నీళ్ళు, రెండో వైపు పచ్చటి పొలాలు. గాలికి నీళ్ళు కట్టరాళ్ళను నాకుతున్నాయి. రాఘవ ఆమెను కట్ట మీద నిలబెట్టి ఫోటో తీశాడు.

"నవ్వు అమ్ములూ."

నవ్వింది. అతను ఫోను చూసి, "ఇంకోటి తీద్దాం," అన్నాడు. ఇంకోటి కూడా బాగా రాలేదు.

మధ్యాహ్నం పులిహోర డబ్బా తీస్తే మాడు వాసన వచ్చే ఎండుమిరపకాయ ఒకటి పైనే ఉంది. దాన్ని పక్కన పెట్టింది. స్టీలు చెంబు సింకులో దొర్లుతోంది. దాన్ని కడిగింది. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో గుర్తొచ్చి కుళాయి కట్టేసింది. చెంబు తిరిగివ్వలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

ఆ రోజంతా కళ్ళం మాట ఎత్తలేదు. ఇద్దరూ ఎత్తకుండా ఎంత జాగ్రత్తగా మాట్లాడుకున్నారంటే, పెళ్ళయిన పదమూడు రోజుల్లో మొదటిసారి వాళ్ళ మధ్య మర్యాద వచ్చింది.

మూడో రోజు పొద్దున గండికోట. కోట గోడ దాటి, పాడుబడ్డ కట్టడాల మధ్య నడిచి, పెద్ద పెద్ద బండల మీద పాకుతూ అంచుకు చేరుకున్నారు. లోయ ఒక్కసారిగా కాళ్ళ కింద తెరుచుకుంది. పేర్చి పెట్టినట్టు పొరలు పొరలుగా ఎర్రరాయి. అడుగున ఆకుపచ్చగా, కదలకుండా నది. డిగ్రీ రోజుల్నుంచీ ఈ చోటు కోసం ఆమె దాచుకున్న సంతోషం ఒకటుంది. దాని కోసం లోపల వెతుక్కుంది. ఈ ఎరుపు చూస్తే ఆ ఎరుపే కనపడుతోంది.

"నేను ఆమెకు చెప్పి ఉండాల్సింది," అంది.

రాఘవ ఎవరికని అడగలేదు. పక్కన కూర్చున్నాడు. "నేనూ దిగి ఉండాల్సింది. ఆరిపోతుందని ఎందుకన్నానో తెలుసా? నాకు తెలిసి కాదు. నీ ముందు ఏమీ తెలియనివాడిలా నిలబడటం ఇష్టం లేక."

"నేనెందుకు నమ్మానో తెలుసా? నమ్మితే వెళ్ళిపోవచ్చని."

ఎవరో కుటుంబం వచ్చి, ఫోటో తీసిపెట్టమని అడిగి, తీయించుకుని వెళ్ళిపోయింది.

"భైరవకోన వద్దు," అంది అమూల్య. "వెనక్కి పోదాం. నేను చెప్తాను. అందరి ముందూ చెప్తాను. ఆమెను అందరి ముందే కదా తిట్టారు."

రాఘవ తలూపాడు. అతని ముఖంలో ఆమె మీద గౌరవం కనిపించింది. అది అమూల్యకు నచ్చింది కూడా.

నాలుగో రోజు తెల్లవారుజామున బయల్దేరారు. దారి పొడుగునా ఆమె మాటలు కూర్చుకుంది. గిద్దలూరు దగ్గర ఒక వాక్యం తీసేసింది. మార్కాపురం దగ్గర ఇంకొకటి కలిపింది. కాలేజీలో వక్తృత్వపు పోటీలకు ముందు ఇలాగే ఉండేది. వినుకొండ దగ్గరపడే కొద్దీ ఒళ్ళు తేలికైంది. దారిలో ఒక రేగుపళ్ళ బండి కనపడితే ఆపించి కొనుక్కుంది కూడా. రెండు రోజుల తరవాత నోటికి రుచి తెలిసింది.

*

మూడు గంటలైంది. కళ్ళం నిండా మనుషులున్నారు. ఒకపక్క నలుగురు మగవాళ్ళు ఎండిన కాయను గోతాల్లోకి తొక్కి కూరుతున్నారు. పట్టా నీడన పదిహేను మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి, తెల్లగా పాలిపోయిన కాయ. ఎర్రకాయ ముందుకు, తాలు వెనక్కు. చేతులు చూడకుండానే పోతున్నాయి. ప్రేమమ్మ వాళ్ళలో లేదు. పాక గుమ్మంలో కాలు చాపుకుని, కర్ర పక్కన పెట్టుకుని గోతం కుడుతోంది. చొక్కా తొడుక్కున్న ముసలామె, ప్రేమమ్మ చెప్పిన బసవమ్మ, ఒక బస్తా మీద కూర్చుని ఉంది.

కారవాన్ మడుల మధ్యకు వచ్చి ఆగేసరికి చేతులన్నీ ఆగాయి. "మళ్ళీ వచ్చిందే షూటింగ్ బండి!" అని ఒకామె అంటే మిగతావాళ్ళు నవ్వారు.

"మళ్ళీ అంటే?" అన్నాడు గోతం మూతి కడుతున్న రైతు ఒకతను.

"మొన్న రోడ్డు మీద ఆగలా రహమానన్నా, మేం దిగేటప్పుడు?"

ప్రేమమ్మ సూది గోతంలో గుచ్చి లేచింది. అమూల్యను చూసి తల అడ్డంగా, చాలా కొద్దిగా ఊపింది. అమూల్య దాన్ని చూసింది. వద్దమ్మా, నా కోసం ఎందుకమ్మా అన్నట్టు అనుకుంది. స్టీలు చెంబు గుండెకు ఆనించుకుని నడిచి వచ్చి, అందరికీ మధ్యలో నిలబడింది.

"బసవమ్మగారూ, మీతో ఒక మాట చెప్పాలండీ. అందరూ వినాలి." గొంతు తను అనుకున్నట్టే వచ్చింది. "మీ కాయలు తడిసింది ప్రేమమ్మగారి వల్ల కాదు. నా వల్ల. ఆ రాత్రి మా బండి ఇక్కడే ఉంది. పొద్దున నేనే స్నానం నీళ్ళు వదిలాను. తప్పు నాది. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు."

ఎవరో ఒకరు ఏదో అనాలి. ఇలాంటప్పుడు అంటారు. అమూల్య ఎదురుచూసింది.

రహమాన్ గోతం మూతి వదిలేశాడు. "ఏందక్కా? రాత్రి బండుందా కళ్ళంలో?"

బసవమ్మ కింద పడ్డ కాయ ఒకటి ఏరి గోతంలో వేసింది.

"మన అయిదుగురం ఏమనుకున్నాం? పోయినేడు పోయినియ్యి నా బస్తాలు." అతను అరవలేదు. బసవమ్మ వంకే చూస్తున్నాడు. "బిందె దొర్లిందంటివే."

ప్రేమమ్మ ఎక్కడికీ చూడటం లేదు. చేతిలోని సూదికి దారం ఎక్కించినట్టు వేళ్ళు ఊరికే కదులుతున్నాయి.

బసవమ్మ లేచింది. అమూల్య మోచెయ్యి పట్టుకుని, గట్టిగా కాదు, బండి వెనక నీడలోకి నడిపించుకుపోయింది. రాఘవ వెంట వచ్చాడు.

"ఏం చదువుకున్నావమ్మా నువ్వు?"

"ఎమ్మెస్సీ అండీ."

"నేనేం చదువుకోలా. కాయ ముక్కు కాడ పెట్టుకున్నా. బిందె నీళ్ళకి షాంపూ వాసనొచ్చుద్దా? నేల మీద చక్రాల అచ్చు లేదా? నాకు ఆ పొద్దే తెలుసు." ఆమె గొంతు తగ్గించే మాట్లాడుతోంది. "ముప్పయ్యేళ్ళుగా నా చేలో చేస్తంది అది. దాని మోకాలు పోయిందే నా పొలంలో. నేను అరిచా, అది బిందె చూపించింది, అందరూ నమ్మారు. ఆడికి సరిపోయింది. తడిసిన కాయ నాది, నేను ఓర్చుకున్నా."

"నేను... ఆమె మీద నింద పడిందని..."

"నాకొక్కదానికే చెప్తే పోయేది గదమ్మా. ఇట్టా చాటుకొచ్చి." బసవమ్మ ఆమె చేతిలోని చెంబు వంక చూసింది. "ఇంతమందిలో నిలబడి చెప్పావు. నువ్వు ఎల్లిపోతావు. రహమానుకి నేనేం చెప్పాల? మాట నా ఒక్కదానిదా, అయిదుగురిది."

"మేం ఆ నష్టం..." అన్నాడు రాఘవ, జేబులో ఫోను మీద చెయ్యి వేస్తూ.

"జేబులో పెట్టుకో బాబూ," అంది బసవమ్మ. అతను చెయ్యి తీసేశాడు.

పొద్దుగూకినాక ఏ బండీ ఉండకూడదు, ఉండనిస్తే కాపలా మనిషిని మారుస్తారు. ప్రేమమ్మ ఈ మాట చెప్పినప్పుడు తను గారంగా తల వంచి నవ్వుతోంది. విన్నది. విని, తనకు అడ్డమొచ్చిన మాటను దాటినట్టు దాటేసింది. గండికోట నుంచి ఇక్కడి దాకా అన్ని వాక్యాలు కూర్చింది, అన్నిట్లోనూ 'నేను' ఉంది. ప్రేమమ్మ తల ఎందుకు అడ్డంగా ఊపిందో ఒక్కసారైనా ఆగి అడగలేదు. ముఖం మంటెక్కింది. అది మిరప ఘాటు కాదు.

బసవమ్మ నీడలోంచి బయటికి నడిచి, ఎవరి ముఖమూ చూడకుండా గొంతెత్తింది. "ప్రేమమ్మా, టార్చిలైటూ కాపలా కర్రా ఖుర్షిదాకిచ్చెయ్. రేపట్నుంచి కోతకి రా."

"ఆమె మోకాలు..." అంది అమూల్య.

"నాకు తెలవదా?" అంది బసవమ్మ.

తాలు ఏరే వాళ్ళలోంచి ఖుర్షిదా అనే ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నేరం చేసినదానిలా పాక దగ్గరికి వెళ్ళింది. ప్రేమమ్మ టార్చి ఇచ్చింది. కర్ర ఇవ్వబోయి, ఒక అడుగు అది లేకుండా వేసి చూసుకుని, తరవాత ఇచ్చింది. పాకలోకి వెళ్ళి సామాన్లు తీయడం మొదలుపెట్టింది. చాప. రెండు గిన్నెలు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు. ఉతికిన చీర ఒకటి, పాక వాసానికి ఆరేసింది తీసి మడతపెట్టింది.

అమూల్య గుమ్మం దగ్గర నిలబడింది. చెంబు ఇచ్చింది. ప్రేమమ్మ అందుకుని గిన్నెల్లో పెట్టుకుంది.

"అమ్మా, మిమ్మల్ని మీ ఇంటి దగ్గర దింపుతాం. బండిలో ఎక్కండి. లోపలికి రండి."

"నా కాళ్ళకి దుమ్ముందమ్మా," అంది ప్రేమమ్మ. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అందుకే అమూల్య తల ఎత్తలేకపోయింది.

"నన్ను తిట్టండి. ఒక్కసారి తిట్టండి."

ప్రేమమ్మ మూట ముడి బిగించింది. "తిడితే నీకు బాగుంటదా?"

అమూల్యకు ఏడుపు వచ్చింది.

"కోపం లేదు అనమన్నా అంటా. తిట్టమన్నా తిడతా. ఏదంటే ఎల్లిపోతావో చెప్పు తల్లీ, అదే అంటా. నాకింక ఈ ఎండలో నిలబడే ఓపిక లేదు."

అమూల్య చెయ్యి కళ్ళ దగ్గరికి పోతోంది. "ఆగు, కారం చేతులు. మండుద్ది," అని ప్రేమమ్మ ఆ చెయ్యి పట్టుకుని దించింది. వెంటనే వదిలేసింది.

బండి దగ్గర రాఘవ డ్రైవరు సీట్లో ఉన్నాడు. వెనక్కి తియ్యాలి. రెండుపక్కలా కొత్తగా పోసిన మడులు, మధ్యలో బండి వెడల్పుకు నాలుగు వేళ్ళు ఎక్కువ దారి. వచ్చేటప్పుడు ఎలా వచ్చాడో అతనికే తెలియలేదు. రివర్సు వేసి, వేసిన చోటే ఆగి, అద్దంలోకి చూస్తున్నాడు. కూలీలు చూస్తున్నారు. ఎవరూ కదలలేదు.

"నేను చూస్తాను," అని అమూల్య బండి వెనక్కి పరిగెత్తింది. చెయ్యి ఊపింది. "కొంచెం ఎడమకి... కాదు, కుడికి..." చక్రం మడి అంచు మీదకు వచ్చింది. రెండు మూడు కాయలు టపటపమన్నాయి.

"ఆగు!"

ప్రేమమ్మ మూట నేల మీద పెట్టింది. కుడికాలు తిప్పి వేసుకుంటూ, ఊతం లేక రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ, బండి వెనక్కి వచ్చింది. అమూల్యను భుజం పట్టి పక్కకు జరిపింది.

"నువ్వెక్కు. నీకు తెలవదు."

అమూల్య ఎక్కింది. పక్క అద్దంలో ప్రేమమ్మ కనపడుతోంది. వంగలేని కాలు పక్కకు చాపి, సగం వంగి, చక్రాన్ని చూస్తోంది. అరచెయ్యి తెరిచి తన వైపు లాక్కుంటోంది. "రానీయ్... రానీయ్... చాలు, కుడికి కొట్టు బాబూ... రానీయ్." బండి కదిలినంత మేరా ఆమె వెనక్కి వెనక్కి నడుస్తోంది. ఒకచోట కాలు జారి చెయ్యి బండికి ఆన్చింది, నిలదొక్కుకుంది, మళ్ళీ చెయ్యి ఎత్తింది. ఇంకొక్క కాయ కూడా నలగలేదు.

రోడ్డు అంచుకు వచ్చాక రెండుపక్కలా చూసి, లారీ ఒకటి పోనిచ్చి, బండి ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్. పోనీయ్."